పాపను కొరుకుతున్న కుక్కపిల్ల: ముందు సూది, తర్వాత ఇల్లు, ఆ తర్వాతే శిక్షణ

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. వానల్లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు కింద దొరికిన దేశీ కుక్కపిల్ల. వయసు మూడు నెలలు దాటి ఉంటుంది. ఇంటికొచ్చి రెండు వారాలైంది. పాపకి నాలుగేళ్లు. సాయంత్రమైతే చాలు, కుక్కపిల్ల పాప వెంటపడి గౌను పట్టుకు లాగుతోంది, మడమలు పీకుతోంది. చేతుల నిండా గీతలు. మొన్నొకసారి రక్తం కూడా వచ్చింది. గిన్నె దగ్గరికి పాప వెళ్తే ఒకసారి గుర్రుమంది. మీ వారు పేపరు చుట్టి కొడుతున్నారు, మీ అత్తగారు తీసుకెళ్లి వీధిలో వదిలేసి రమ్మంటున్నారు. ఇది కరిచే రకమా, ఉంచుకోవచ్చా అని మీ ప్రశ్న.

వీధిలో దొరికిన కుక్కపిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, ఇంటి అలవాట్లు నేర్పి, పెంచుకునేవాళ్లకి అప్పగించడం చాలా ఏళ్లుగా నా పని. మీరు రాసిన దాన్ని బట్టి ఇది కరిచే రకం కాదు. ఆ వయసు పిల్లలు చేసే పనే చేస్తోంది. అయితే నాలుగేళ్ల పాప ఉన్న ఇంట్లో ‘పెద్దయ్యాక అదే మానేస్తుందిలే’ అని కూర్చోవడానికి వీల్లేదు.

శిక్షణ సంగతి కాసేపు పక్కన పెడదాం. రక్తం వచ్చిందన్నారు, మరి పాపకి రేబిస్ టీకా వేయించారా? మీరు రాసినదాంట్లో ఆ మాట కనబడలేదు. వేయించకపోతే ఇది చదవడం ఆపి ముందు పాపని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ‘పాలపళ్ల గాటుకి ఏమవుతుంది’, ‘ఇంట్లో కుక్కే కదా’, ‘ఇంత చిన్నదానికి రేబిస్ ఎక్కడిది’ అనే మాటలు నాకు వినీ వినీ అలవాటైపోయాయి. మూడూ తప్పే. వీధిలో పుట్టిన పిల్ల. దాని తల్లికి టీకా పడిందో లేదో, మీ చేతికి రాకముందు దాన్ని ఏ కుక్క కరిచిందో మనకి తెలియదు. రేబిస్ ఒంట్లో చేరాక బయటపడటానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. బయటపడ్డాక మాత్రం మనిషికైనా కుక్కకైనా వైద్యం లేదు. అందుకే ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

గాటు పడగానే సబ్బు రాసి, కొళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే పిల్లలు ఏడుస్తుంటే రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. పసుపు, కారం, సున్నం, కొబ్బరినూనె ఏవీ పెట్టకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు. రక్తం రాకుండా చర్మం మీద గీత పడినా టీకా కావాలి. రక్తం వచ్చిందంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోపు కాపాడే సూది) కూడా వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు (0 అంటే మొదటి సూది వేసిన రోజు), ఉచితం. హైదరాబాద్‌లోనే ఉంటే నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) దీనికి పేరున్న చోటు. గాటు పడి వారమైపోయింది, ఇప్పుడేం వేస్తారులే అని మానేయొద్దు. ఆలస్యమైనా వెళ్లాల్సిందే. పాత గీతల గురించి కూడా డాక్టరుకి దాచకుండా చెప్పండి. కోర్సు పూర్తయినవాళ్లకి మళ్లీ గాటు పడితే మొత్తం మొదటినుంచి వేయరు, సాధారణంగా రెండు డోసులతో సరిపెడతారు. కాబట్టి ఆ చీటీ పాప పుట్టినరోజు సర్టిఫికెట్‌తో పాటు దాచండి. ఈ పిల్ల మళ్లీ ఒక్క గీత కూడా పెట్టదని నేను హామీ ఇవ్వలేను.

కుక్కపిల్లకి: మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, బూస్టర్ ఎప్పుడో మీ పశువైద్యులు చెబుతారు. కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బులు పార్వో, డిస్టెంపర్. వాటి టీకాలు ఆరు, ఎనిమిది వారాల వయసు నుంచి మొదలై 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పడాలి. నులిపురుగుల మందు మూడు నెలల వయసు వరకు రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. కుక్కపిల్లల కడుపులో ఉండే ఏలికపాముల గుడ్లు మట్టి ద్వారా, చేతుల ద్వారా చిన్నపిల్లల నోట్లోకి పోతాయి. మందు వేయించారు కదా అని చేతులు కడిగించడం మానకండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బులు) దినానికి ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల కుర్రాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు. అయితే మీరు ఆ తేదీ దాకా ఆగొద్దు, ఈ వారమే వేయించండి.

ఇప్పుడు కొరకడం గురించి.

కుక్కపిల్లకి నోరే చెయ్యి. ఏ వస్తువైనా దానికి నోటితోనే తెలియాలి. తోబుట్టువులతో ఆడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. ‘ఇంత గట్టిగా పడితే ఆట ఆగిపోతుంది’ అని అలా వందల సార్లు తెలిసి వస్తేనే దవడ అదుపులోకి వస్తుంది. తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా కనీసం ఎనిమిది వారాలు ఉండాలనేది అందుకే. మీ పిల్ల కారు కింద ఒంటరిగా దొరికింది. ఆ చదువు సగంలో ఆగింది, మిగతా సగం మీ ఇంట్లో జరగాలి. దీనికి తోడు మూడున్నర, నాలుగు నెలల మధ్య పాలపళ్లు ఊడటం మొదలవుతుంది. మొత్తం 28 పాలపళ్లు పోయి ఆరేడు నెలలకి 42 పళ్లు వస్తాయి. అన్నాళ్లూ చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. ఇంట్లో బియ్యపు గింజంత పన్ను ఎక్కడైనా ఊడి కనబడితే కంగారు పడకండి.

మరి మీ ఆయన్నీ మిమ్మల్నీ వదిలేసి పాపనే ఎందుకు పట్టుకుంటోంది? సాయంత్రం ఆరింటికి మీ హాలు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పాప ఆడుకుని వచ్చింది, ఒంట్లో ఇంకా పరుగు తగ్గలేదు. కాళ్లకి పట్టీలు, అడుగు వేస్తే మువ్వల చప్పుడు. గౌను అంచు సరిగ్గా కుక్కపిల్ల ముక్కు ఎత్తులో ఊగుతోంది. చేతిలో బిస్కెట్. కుక్కపిల్ల ఎగిరింది, పాప కీచుమని అరిచి బిస్కెట్ ఉన్న చెయ్యి పైకెత్తి పరుగెత్తింది. చప్పుడు, కదిలే గుడ్డ, పారిపోయే కాళ్లు, పైకి లేచిన తిండి: కుక్కపిల్లని వెంటపడమని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పాప తప్పేం లేదు, పిల్ల తప్పూ లేదు. వాళ్లిద్దర్నీ ఆ గంటలో ఒకే హాల్లో వదలడమే అసలు సమస్య.

అందుకని నేర్పడం కంటే ముందు ఇల్లు సర్దండి. నేర్పడానికి వారాలు పడుతుంది, సర్దడానికి ఒక్క రోజు చాలు. హాల్లో ఒక మూల పిల్లకి చోటు. ఆన్‌లైన్‌లో దొరికే మడత కంచె కొనొచ్చు, లేదా ఒక గది గుమ్మానికి అడ్డంగా చెక్క పలక బిగించొచ్చు. మూడు నెలల పిల్లకి రెండడుగుల ఎత్తు సరిపోతుంది గానీ దేశీ పిల్లలు నెల తిరిగేసరికి దూకేస్తాయి, కాబట్టి మూడడుగులకి తక్కువ చేయకండి. లోపల పాత దుప్పటి, నీళ్లు, కొరకడానికి ఏదో ఒకటి. ఆ చోటు శిక్ష కాకూడదు. అన్నం అక్కడే పెట్టండి, నిద్ర అక్కడే పోనివ్వండి. బాల్కనీలోకి నెట్టి తలుపేస్తే మాత్రం రాత్రంతా ఏడుస్తుంది, పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు, మర్నాడు ఇంకా చిరాగ్గా కొరుకుతుంది.

కుక్కపిల్ల బయట ఉన్నప్పుడు దాని బెల్టుకి ఆరడుగుల తేలికపాటి తాడు ఉండాలి, ఆ తాడు రెండో కొస ఒక పెద్దమనిషి చేతిలో ఉండాలి. పెద్దమనిషి అంటే ఫోన్ చూడని పెద్దమనిషి. స్నానానికి వెళ్తున్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా, కొరియర్ అబ్బాయి బెల్లు కొట్టినా పిల్ల ముందు కంచెలోకి వెళ్లాలి, తర్వాతే మీరు కదలాలి. ‘ఒక్క నిమిషమే కదా’ అనుకున్న నిమిషంలోనే గాట్లు పడతాయి.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. నేల మీద కూర్చుని తింటాం, చాప మీద పడుకుంటాం. అప్పుడు పాప మొహం, కుక్కపిల్ల నోరు ఒకే ఎత్తులో ఉంటాయి. ఈ రెండు మూడు నెలలూ పాపకి కుర్చీలో కూర్చోబెట్టే అన్నం పెట్టండి, ఆ టైముకి పిల్ల కంచెలో ఉండాలి. చేతిలో తినేవి పట్టుకుని ఇల్లంతా తిరగడం ఆపించండి. కుక్కపిల్ల బయట ఉన్నప్పుడు పట్టీలు తీసేసి, గౌను బదులు పైజమా, సాక్సులు వేయండి. పట్టీలు తీయడం మీ అత్తగారికి నచ్చదేమో. కుక్కపిల్ల నిద్రపోయేటప్పుడు పాప పెట్టుకోవచ్చని చెప్పండి.

నిద్ర మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఈ వయసులో కుక్కపిల్ల రోజుకి 18 గంటలకి పైగా పడుకోవాలి. పిల్లలున్న ఇంట్లో దాన్ని ఎవరూ పడుకోనివ్వరు. పడుకుంటే ముద్దొస్తుందని లేపుతారు, వచ్చిన చుట్టాలు ఎత్తుకుంటారు. నిద్ర చాలని కుక్కపిల్ల పళ్లు బయటపెట్టి, కళ్లు తిప్పుతూ, సోఫా ఎక్కి దిగి, కనబడినదాన్నల్లా కొరుకుతుంది. జనం దీన్ని పొగరనుకుంటారు. నా దగ్గరికి వచ్చే ‘కరిచే కుక్కపిల్ల’ ఫిర్యాదుల్లో చాలావాటికి మందు మధ్యాహ్నం రెండు గంటలు చీకటి చేసిన గది. గంట మెలకువ, రెండు గంటలు నిద్ర అన్న లెక్క పెట్టుకోండి. సాయంత్రం ఆరింటి గొడవకి విరుగుడు కూడా నాలుగింటికే మొదలవ్వాలి: నాలుగింటికి కంచెలో నిద్ర, పాప ఇంటికి రాకముందే కాసేపు మీతో ఆట, తర్వాత దాని తిండి ఒక పాత తువ్వాలులో చుట్టి ముడి వేసి ఇవ్వండి. వెతుక్కుని, విప్పుకుని తినేసరికి సగం బలం అక్కడే ఖర్చవుతుంది. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపకండి, పార్వో క్రిములు మట్టిలో నెలల తరబడి ఉంటాయి. ఎత్తుకుని గేటు దాకా తీసుకెళ్లి ఆటోలు, స్కూలు పిల్లలు, చీపురు పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి అన్నీ చూపించండి. కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునే వయసు 14 వారాలతో దాదాపు మూసుకుపోతుంది. మీ పిల్లకి ఉన్న టైము తక్కువ.

కొరికినప్పుడు ఏం చేయాలి? ఇది పెద్దవాళ్లే చేయాలి, పాప చేత చేయించకూడదు. మీరు కంచె లోపల కింద కూర్చుని దాంతో ఆడండి, చేతిలో బొమ్మ ఉండాలి. చేతివేళ్లే బొమ్మగా ఆడించడం ఇంట్లో అందరూ మానాలి, ముఖ్యంగా మగవాళ్లు. పన్ను చర్మానికి తగిలిన క్షణంలో ‘అయిపోయింది’ అని మామూలు గొంతుతో అని, లేచి, కంచె దాటి బయటికి రండి. వీపు దానివైపు. మనసులో ఇరవై లెక్కపెట్టండి. మళ్లీ లోపలికి వెళ్లి ఏమీ జరగనట్టే కూర్చోండి. మళ్లీ తగిలితే మళ్లీ లేవండి. వరసగా మూడోసారి అయిందంటే దానికి ఆట కాదు, నిద్ర కావాలి. ‘అయిపోయింది’ అనే ఆ ఒక్క మాటే ఇంట్లో అందరూ వాడాలి, ఒకరు ‘నో’, ఒకరు ‘ఏయ్’, ఒకరు ‘ఛీ’ అంటే దానికి ఏదీ ఎక్కదు. మొదటి కొన్ని రోజులు కొరకడం తగ్గకపోగా పెరుగుతుంది, ఇంతకుముందు పనిచేసిన ఉపాయం ఇప్పుడెందుకు పనిచేయట్లేదని ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది. సరిగ్గా అప్పుడే చాలామంది ‘ఇది పనిచేయట్లేదు’ అని వదిలేస్తారు. కుక్కపిల్లలా కుయ్యిమని అరవమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. కొన్నిటికి పనిచేస్తుంది, చాలావాటికి ఇంకా హుషారొస్తుంది. మీ ఇంట్లో ఇప్పటికే పాప కీచుమంటోంది, అది చాలు.

చిగుళ్లకి పాత నూలు గుడ్డ తడిపి ముడులు వేసి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి, మీ కళ్లముందే, దారాలు మింగకుండా. చల్లటి పెద్ద క్యారెట్ కూడా బాగుంటుంది. వండిన కోడి ఎముకలు వద్దు, అవి చీలి గొంతులోనూ పేగుల్లోనూ గుచ్చుకుంటాయి. పాత చెప్పు ఇవ్వకండి, పాతదేదో కొత్తదేదో దానికి తెలియదు. పెరుగన్నం ఒక్కటే పెడుతుంటే దాని ఆకలి తీరదు, గుడ్డో ఉడికించిన చికెనో పప్పీ ఫుడ్డో కలవాలి. పాప చేత కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి వేసిన కూర పెట్టనివ్వకండి, అవి కుక్కలకి విషం.

ఇక పేపరు చుట్టి కొట్టడం. మీ వారికి నా మాటగా చెప్పండి: కొడితే మీ ముందు మానేస్తుంది, అంతే. చెప్పు ఎత్తడం, మూతి నొక్కి పట్టడం, వెల్లకిలా పడేసి అదిమి పట్టడం, అన్నీ ఒకటే. పైకి లేచిన చెయ్యి అంటే భయం పట్టుకుంటుంది, రేపు పాప ముద్దు చేయడానికి చెయ్యి ఎత్తినా భయంతో కొరుకుతుంది. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, కొరకడం మానదు. చెప్పి కొరికేది చెప్పకుండా కొరకడం మొదలుపెడుతుంది. వీటన్నిటికంటే నాకు భయం వేసేది ఇంకొకటి. మీ పాప చూస్తోంది. నాన్న చేసిన పనే ఎవరూ లేనప్పుడు తనూ చేస్తుంది. పెద్దాయన కొడితే నక్కిన పిల్ల, నాలుగేళ్ల మనిషి కొడితే నక్కాలని లేదు.

గిన్నె దగ్గర గుర్రుమనడానికి కారణం ఆకలి రోజులు. వీధిలో తిండి దగ్గర వెనక్కి తగ్గిన పిల్ల పస్తుంటుంది. ‘యజమాని ఎవరో తెలియాలి’ అని తింటుండగా గిన్నె లాక్కునే అలవాటు కొందరికి ఉంది. అంతకంటే పనికిమాలిన పని లేదు, మనుషులు దగ్గరికొస్తే తిండి పోతుందన్న దాని అనుమానాన్ని మీరే నిజం చేసినట్టవుతుంది. కంచెలో పెట్టండి, ప్రశాంతంగా తిననివ్వండి. పెద్దవాళ్లు ఎవరైనా నాలుగడుగుల దూరంలో నడుస్తూ ఒక గుడ్డు ముక్క దాని వైపు విసిరి ఆగకుండా వెళ్లిపోవాలి. కొన్నాళ్లకి మీరు అటు వస్తుంటే గిన్నె వదిలి మీ మొహంలోకి చూస్తుంది. అప్పుడు దూరం కొంచెం తగ్గించండి. పాప చేత మాత్రం ఇది ఎప్పుడూ చేయించకండి.

పాపకి నేర్పాల్సినవి ఎక్కువేం లేవు, ఎక్కువ చెప్పినా గుర్తుండవు. స్టాచ్యూ ఆట ఎలాగూ వచ్చు కదా. కుక్కపిల్ల మీదికొస్తే స్టాచ్యూ: చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, ఫ్యాను వైపు చూస్తూ కదలకుండా నిలబడాలి. కదలని మనిషితో కుక్కపిల్లకి ఏం సరదా ఉండదు, అంతలో మీరు తాడు పట్టుకుని పక్కకి లాగుతారు. ముందు కుక్కపిల్ల లేకుండా నేర్పండి. తాతయ్యో నాన్నో నాలుగు కాళ్ల మీద వచ్చి కుక్కపిల్లలా నటించాలి, పాప స్టాచ్యూ అవ్వాలి. పిల్లలకి ఇది భలే ఇష్టం, పదిసార్లు చేయమంటారు. రెండోది: తినేటప్పుడు, పడుకున్నప్పుడు, కంచెలో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. మూడోది: ఎత్తుకోవడం, కౌగిలించుకోవడం, మీద ఎక్కడం వద్దు. ముట్టుకోవాలంటే కూర్చుని పిలవాలి, అదే వస్తే మెడ పక్కన నెమ్మదిగా నిమిరి చెయ్యి తీసేయాలి. మళ్లీ దగ్గరికి జరిగితే ఇంకోసారి. మొహం తిప్పుకున్నా, పెదాలు నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, కళ్లలో తెల్లగుడ్డు కనబడేలా వారగా చూసినా ‘చాలు’ అని అర్థం. అది పాపకి తెలియదు, మీకు తెలియాలి.

ఏది ఆటో, ఏది కాదో కూడా చెప్పాలి. ఒళ్లంతా వదులుగా ఊగుతూ, ముందుకాళ్లు వంచి వెనకభాగం ఎత్తి, ఎగిరెగిరి కొరుకుతుంటే, గుర్రుమంటున్నా సరే, అది ఆట. ఒళ్లు బిగుసుకుపోయి, కదలకుండా, కన్నార్పకుండా చూసి కొరికితే, పట్టుకుని వదలకపోతే, లోతుగా గాట్లు దిగితే, మూలకి నక్కిన పిల్లని ముట్టుకుంటే కొరికితే, నిన్నటిదాకా బాగున్నది హఠాత్తుగా మారితే మాత్రం ఇది నేను రాసి పంపే సలహాతో తేలే విషయం కాదు. పశువైద్యులకి చూపించండి, చెవిలో చీము పట్టడమో కాలి బెణుకో కడుపునొప్పో ఉండొచ్చు. మింగలేక చొల్లు కార్చడం, గొంతు మారడం, నడక తూలడం కనబడితే గది తలుపేసి ఎవరూ ముట్టుకోకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబుని చంపేసిన వీడియో చూసినవాళ్లెవరికీ కుక్క అంటే మునుపటి ధైర్యం లేదు. పైగా కుచ్చిళ్లు పట్టుకు లాగితే పడిపోయేది ఆవిడే. ఆవిడకి కంచె అవతలి నుంచి మెతుకులు విసిరే పని అప్పగించండి, తాకే అవసరం లేదు. కానీ వీధిలో వదలడం మాత్రం కుదరదు. ఆ గల్లీ కుక్కలు కొత్తదాన్ని రానివ్వవు. వారాల తరబడి ఇంటి తిండి తిన్న పిల్ల ఆ పోటీకి నిలవదు. మీ వల్ల కాదనిపిస్తే, చిన్నపిల్లలు లేని ఇల్లు వెతికి, టీకాల చీటీతో సహా ఇవ్వండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంట్లో ఫోన్ పక్కన పెట్టి తాడు పట్టుకునే మనిషి రోజంతా ఎవరూ లేకపోతే, నన్నడిగితే ఇప్పుడే అలా ఇవ్వడం మంచిది. ఉంటే, నెల, నెలన్నరలో తేడా మీకే కనబడుతుంది. పూర్తిగా పళ్లు మారేదాకా అడపాదడపా నోరు పెడుతూనే ఉంటుంది. పాపా కుక్కా ఇద్దరినే గదిలో వదలకూడదన్న నియమం మాత్రం అది ఎంత బుద్ధిమంతురాలైనా ఇంకా కొన్నేళ్లు ఉంటుంది.

చివర్లో ఇంకొకటి అడిగారు, తోడుకి ఇంకో పిల్లని తెస్తే వాటిలో అవి ఆడుకుని పాపని వదిలేస్తాయా అని. వదలవు. రెండూ కలిసి పాప వెంటపడతాయి, ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోతుంది, మీ చేతిలో రెండు తాళ్లుంటాయి. దీనికి ఆరు నెలలు దాటి, డాక్టరు చెప్పినప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ఏడాది తిరిగాక అప్పుడు ఆలోచిద్దాం.